యడాగమం సంధి కాకపోతే మరేమిటి సార్?

నల్లగొండలో టెట్, డీఎస్సీ అనే టీచరు పరీక్షలు రాయబోయేవాళ్లకు తెలుగు చెబుతున్న ఇన్నేళ్లలో నాకు అన్నింటికంటే ఎక్కువసార్లు ఎదురైన ప్రశ్న ఒకటుంది: "సార్, యడాగమం సంధా, కాదా?" రెండు అచ్చుల నడుమ యకారం వచ్చి చేరడమే యడాగమం. ఒక గైడులో యడాగమ సంధి అని శీర్షికే ఉంటుంది. ఇంకో పుస్తకంలో 'సంధి లేని చోట యడాగమం వస్తుంది' అని సూత్రం ఉంటుంది. సంధి లేని చోట వచ్చేదాన్ని సంధి అని ఎలా అంటాం? మొదటిసారి ఈ మాట అడిగిన అమ్మాయి దేవరకొండ వైపు నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఆమె అడిగింది పరీక్ష కోసమే అయినా, ప్రశ్న మాత్రం అసలైనది. అంతకుముందు రెండేళ్లు నేనే ఆ శీర్షికను బోర్డు మీద రాసి, కింద ఆ సూత్రాన్ని కూడా రాసి, రెండింటికీ పొంతన లేదని గమనించకుండా పాఠం ముగించేశాను.

టెట్‌లో మొత్తం 150 మార్కులు. అందులో మొదటి భాషకు 30. ఆ ముప్పై కోసం చాలామంది పారిభాషిక పదాలన్నింటినీ వరుసగా బట్టీపట్టి, పరీక్ష గదిలో వాటిని ఒకదానికొకటి ముడివేసుకుంటారు. నా అనుభవంలో ఈ చిక్కుకు కారణం తెలివితక్కువతనం కాదు. ఈ మాటల్లో చాలావాటికి వాడుకలో ఒక అర్థం ఉంది, శాస్త్రంలో మరో అర్థం ఉంది. కొన్నింటికి శాస్త్రంలోనే రెండు మూడు అర్థాలున్నాయి. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణంలో పది పరిచ్ఛేదాలుంటే మొదటిది సంజ్ఞా పరిచ్ఛేదం. సంజ్ఞ అంటే పేరు. ఆయన ముందు పేర్లు పెట్టి, తర్వాతే పనిలోకి దిగాడు. మనం పనిని బట్టీపట్టి పేరును వదిలేస్తున్నాం. పేరును విప్పితే నిర్వచనం సగం అందులోనే దొరుకుతుంది.

యడాగమాన్నే విప్పుదాం. ఇందులో ఉన్న ఆగమం అన్న మాటకు వచ్చి చేరడం అని అర్థం. దీనికి ఎదురుగా నిలిచే మాట ఆదేశం. రోజువారీ భాషలో ఆదేశమంటే ఆజ్ఞ, కలెక్టరు గారి ఉత్తర్వు. వ్యాకరణంలో అది కాదు. ఒకదాన్ని తీసేసి ఆ చోట ఇంకొకటి రావడం. పాత పండితులు దీన్ని ఒక్క ముక్కలో చెప్పారు: 'మిత్రవదాగమః, శత్రువదాదేశః.' ఆగమం మిత్రుడిలా వస్తుంది, ఆదేశం శత్రువులా వస్తుంది.

దేవరకొండ బస్సు ఎక్కండి. ఇద్దరు కూర్చున్న సీటు దగ్గరికి మూడో మనిషి వచ్చి "కొంచెం జరగమ్మా" అని సర్దుకుని కూర్చుంటే అది ఆగమం. ఎవరూ లేవలేదు, ఒకరు కొత్తగా చేరారు. మా, ఊరు కలిస్తే మాయూరు. మా లోని ఆకారమూ ఊరులోని ఊకారమూ ఎక్కడివక్కడే ఉన్నాయి, నడుమ యకారం వచ్చి కూర్చుంది. అలా కాక, "ఇది నేను తువాలు వేసుకున్న సీటు" అని ఒకరిని లేపి ఆ చోటులో ఇంకొకరు కూర్చుంటే ఆదేశం. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు: తకారం లేచింది, దకారం కూర్చుంది. లేచిన చోటు ఖాళీగానే మిగిలితే లోపం. ఇద్దరు లేచి, ఆ ఇద్దరి చోటునూ ఒక్కరే ఆక్రమిస్తే ఏకాదేశం. మహా, ఉత్సవం కలిస్తే మహోత్సవం: ఆ, ఉ రెండూ పోయి ఓ ఒక్కటే వచ్చింది. ఈ బస్సు పాఠం చెప్పాక, ఏ సంధినైనా 'సార్, ఇక్కడ ఎవరు లేచారు, ఎవరు కూర్చున్నారు?' అని అడగడం మా తరగతిలో అలవాటైంది.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు తేలిక. చిన్నయసూరి సంధి అన్న మాటను చాలా ఇరుకైన అర్థంలో వాడాడు. ముందున్న అచ్చు, దాని తర్వాత ఉన్న అచ్చు, ఈ రెండింటి చోటులోకి తర్వాతి అచ్చు ఒక్కటే వస్తే దాన్నే ఆయన సంధి అన్నాడు. ఊరు, ఎక్కడ కలిస్తే ఊరెక్కడ. ఉ, ఎ రెండింటి బదులు ఎ ఒక్కటే నిలిచింది. పిల్లలు దీన్ని ఉకార లోపమనుకుంటారు. లెక్క ప్రకారం అది ఏకాదేశం. ఇలా అచ్చులు ఒకటైపోని చోట, రెండూ విడివిడిగా నిలబడిన చోట, పలకడం ఇబ్బంది కాకుండా యకారం వస్తుంది. కనుక యడాగమం సంధి జరగలేదనడానికి గుర్తు. తర్వాతి కాలపు పాఠ్యపుస్తకాలు, రెండు పదాలు కలిసేచోట వచ్చే ప్రతి మార్పునూ సంధి అన్న ఒకే గంపలో వేశాయి. గసడదవాదేశం (క, చ, ట, త, ప బదులు గ, స, డ, ద, వ రావడం), సరళాదేశం (వాటి బదులు గ, జ, డ, ద, బ రావడం), యడాగమం అన్నీ అలా సంధులైపోయాయి. రెండు వాడుకలూ ఉన్నాయని తెలిస్తే చాలు, తగవు తీరిపోతుంది. పరీక్షలో సూత్రం ఇచ్చి అడిగితే సూత్రాన్ని నమ్మండి, మాట ఇచ్చి పేరు అడిగితే యడాగమం అని గుర్తించండి.

ఉత్వసంధి, అత్వసంధి, ఇత్వసంధి అన్న పేర్లలో ఆ తకారం ఎందుకొచ్చిందని కూడా ఎవరైనా అడగాలి. సంస్కృత వ్యాకరణంలో అచ్చు పక్కన త్ పెడితే ఆ అచ్చు ఎంత పొడవుందో అంతే తీసుకోమని అర్థం. ఉత్తు అంటే హ్రస్వ ఉకారమే, ఊ కాదు. అత్తు హ్రస్వ అకారం, ఇత్తు హ్రస్వ ఇకారం. పేరులోనే నియమం ఉంది. 'పాలమూరెంత దూరం' అన్నప్పుడు పాలమూరు చివర ఉన్నది ఉత్తు, ఎదుట ఎకారమనే అచ్చు ఉంది, సంధి జరిగింది. ఉత్తుకు అచ్చు ఎదురైతే సంధి తప్పదు, అంటే నిత్యం. అత్తు దగ్గర మాత్రం చిన్నయసూరి 'బహుళం' అన్నాడు. బహుళమంటే ఎక్కువసార్లు అని రాసి మార్కు పోగొట్టుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. బహుళం కింద నాలుగు దారులున్నాయి: తప్పక జరగడం, జరిగినా జరగకపోయినా ఫరవాలేదనడం, అసలు జరగకపోవడం, ఊహించని ఇంకో రూపం రావడం. మేన, అల్లుడు కలిసి మేనల్లుడూ అవుతుంది, మేనయల్లుడూ అవుతుంది. ఇది రెండో దారి. ఒక, ఒక కలిసి ఒకానొక అయితే అది నాలుగోది. ఒకానొక ఊళ్లో అని కథ మొదలుపెట్టే ప్రతిసారీ మనం బహుళంలోని చివరి దారిలోనే నడుస్తున్నాం.

పరుషాలు, సరళాల జోలికి ఎక్కువ పోను. క, చ, ట, త, ప పరుషాలు. గ, జ, డ, ద, బ సరళాలు. గట్టిగా పలికేవి, తేలిగ్గా పలికేవి అని పేర్లే చెబుతున్నాయి.

చిక్కు ఎక్కువగా ఉన్నది ప్రకృతి అన్న మాట దగ్గర. పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం చూసే ఉంటారు. అక్కడి ఛాయ సంస్కృత శబ్దం. మనం 'ఆమె మేని చాయ' అన్నప్పుడు వాడే చాయ దాని నుంచి పుట్టిన తెలుగు రూపం. ఛాయ ప్రకృతి, చాయ వికృతి. ప్రకృతి అంటే ఇక్కడ మూలం. వికృతి అంటే వికారమైనది కాదు, మార్పు చెందినది. వీటినే ఇంకో వైపు నుంచి చూస్తే ఛాయ తత్సమం, చాయ తద్భవం. తత్ అంటే 'అది', అంటే సంస్కృతమో ప్రాకృతమో. దానితో సమానమైనది తత్సమం, దాని నుంచి పుట్టినది తద్భవం. రెండు జంటలూ చెప్పేది ఒకే సంగతి. ప్రకృతి, వికృతి అన్నప్పుడు జతను చూస్తున్నాం. తత్సమం, తద్భవం అన్నప్పుడు ఒక్కో మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తున్నాం.

ఇంతవరకు బాగానే ఉంది. పది పేజీలు తిప్పగానే ద్రుతప్రకృతికం ఎదురవుతుంది. దీనికీ పైదానికీ చుట్టరికం లేదు. ద్రుతమంటే నకారం. ఆ మాటకు కరిగినది, పరుగెత్తేది అని అర్థాలు. పేరుకు తగ్గట్టే ఆ నకారం ఒకచోట కనబడుతుంది, ఒకచోట కరిగిపోతుంది. అది చివర ఉన్న మాటలు ద్రుతప్రకృతికాలు, లేనివి కళలు. మళ్లీ ప్రత్యయం గురించి చదువుతున్నప్పుడు ప్రకృతి అంటే ప్రత్యయం చేరకముందున్న మాట. సంధి పాఠంలో ప్రకృతిభావమంటే ఏ మార్పూ లేకుండా ఉన్నదున్నట్టు ఉండిపోవడం. ఒకే మాటకు నాలుగు గదులు. ఏ గదిలో నిలబడి ఉన్నామో చూసుకోకుండా అర్థం చెప్పబోతే తలుపుకు తల కొట్టుకుంటాం.

ఇంకో మాట గ్రామ్యం. ఇది చెప్పేటప్పుడు నాకు ప్రతిసారీ కొంచెం కోపం వస్తుంది. చిన్నయసూరి లక్షణానికి విరుద్ధమైన భాషను గ్రామ్యమన్నాడు. లక్షణమంటే వ్యాకరణ నియమం. ఇది పుస్తకంలో ఒక వర్గానికి పెట్టిన పేరు. దాన్ని పట్టుకుని, అచ్చంపేట నుంచో మక్తల్ నుంచో వచ్చిన పిల్లవాడు ఇంట్లో మాట్లాడే మాటను తరగతిలో అంటే 'అది గ్రామ్యం, తప్పు' అని నోరు మూయించే ఉపాధ్యాయులను చూశాను. పిల్లవాడిది మాండలికం, ఒక ప్రాంతపు వాడుక. అతడి నోటి మాటల్లో చాలావరకు దేశ్యాలు, అంటే ఈ నేల మీద పుట్టి ఇక్కడే వాడుకలో నిలిచినవి. దేశ్యం, గ్రామ్యం, మాండలికం మూడూ ఒకటి కావు. రేపు బడిలో నిలబడబోయేవాళ్లకు ఈ తేడా తెలియడం వెయ్యి సంధుల కంటే ముఖ్యమని నా నమ్మకం.

సమాసాలకు మన దగ్గర ఉన్నన్ని ఉదాహరణలు ఏ గైడులోనూ ఉండవు. కొండలు చాలు. నల్లగొండ, దేవరకొండ తీసుకోండి. రెండింటిలోనూ రెండు మాటలు కలిశాయి. నేను పిల్లలను అడిగే ప్రశ్న ఒకటే: మొదటి మాట చూపించేదీ రెండో మాట చూపించేదీ ఒకే వస్తువా, వేర్వేరా? నల్లనిది ఏది? కొండే. కొండ ఏది? ఆ నల్లనిదే. ఒకే వస్తువును రెండు మాటలూ చూపుతున్నాయి కాబట్టి కర్మధారయం. ముందున్నది విశేషణం కాబట్టి విశేషణ పూర్వపద కర్మధారయం. పేరు ఎంత పొడుగైనా భయపడాల్సింది లేదు, అది విశేషణం ముందు మాటగా ఉన్నదని చెబుతోంది, అంతే. నల్లమల కూడా ఇదే. మల అంటే కొండ. దేవరకొండ అలా కాదు. దేవర వేరు, కొండ వేరు, కొండ దేవరది. అది షష్ఠీ తత్పురుష. రాచకొండ కూడా అంతే. ఒకచోట కకారం గకారమైంది, ఇంకోచోట కకారంగానే ఉంది. పరుషం సరళం కావడం ప్రతి సమాసంలోనూ జరగదని మన జిల్లా పేర్లే చెబుతున్నాయి.

యాదగిరిగుట్ట ఇంకా సరదా. గిరి అన్నా కొండే, గుట్ట అన్నా కొండే. యాదగిరి అనే గుట్ట. ముందున్నది పేరు, అంటే సంభావన, కాబట్టి సంభావనా పూర్వపద కర్మధారయం. కృష్ణానది, మూసీనది కూడా అదే వరుస.

ద్విగువూ బహువ్రీహీ ఎక్కడ కలిసిపోతాయో చూడండి. ముల్లోకాలు, ముక్కంటి రెండింటిలోనూ మూడు ఉంది. సంఖ్య కనబడగానే ద్విగువు అని రాసేస్తారు. ముల్లోకాలు అన్నప్పుడు మనం లోకాల గురించే మాట్లాడుతున్నాం. ముక్కంటి అన్నప్పుడు కన్నుల గురించి మాట్లాడటం లేదు, మూడు కన్నులున్న శివుడి గురించి మాట్లాడుతున్నాం. సమాసంలోని రెండు మాటలూ తప్పుకుని బయటి మూడోవాడిని చూపిస్తే బహువ్రీహి. ద్వంద్వంలో ఇద్దరూ పెద్దలే, అన్నదమ్ముల్లాగా.

ఛందస్సుకు వస్తే, అందరూ తడబడే మొదటి మెట్టు గురువు, లఘువు. ఒత్తు ఉన్న అక్షరం గురువు అనుకుంటారు. కాదు, ఒత్తు బరువు ముందున్న అక్షరం మీద పడుతుంది. నల్ల అన్నప్పుడు న గురువు, ల్ల లఘువు. చప్పట్లు కొట్టి పలికిస్తే చెవికే తెలుస్తుంది. దీన్ని బోర్డు మీద చూపడానికి నేనే ఒక ద్విపద అల్లుకున్నాను. గొప్ప కవిత్వమేమీ కాదు, పాఠానికి పనికొస్తుంది:

నల్లగొండకు దారి నడచిన బాట
చల్లని చెరువులు సాగిన చోట

ద్విపదకు రెండు పాదాలు. ప్రతి పాదంలో మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మొదటి పాదం విడదీస్తే: నల్లగొం (గురువు, లఘువు, గురువు, అది రగణం), డకు దారి (రెండు లఘువులు, గురువు, లఘువు, అది సలం), నడచిన (నాలుగు లఘువులు, అది నలం), బాట (గురువు, లఘువు, అది హగణం). మాట మధ్యలో గణం తెగినా ఫరవాలేదని ఇక్కడే గమనించాలి. నల్లగొండను నల్లగొం దగ్గర నరికితే బాధపడిన విద్యార్థి ఒకడున్నాడు. వాళ్ల ఊరు కూడా నల్లగొండే.

ఈ రెండు పాదాల్లోనే యతి, ప్రాస, అంత్యప్రాస మూడూ ఉన్నాయి. ప్రాస అనగానే జనం బాట, చోట చూపిస్తారు. సినిమా పాటల గురించి మాట్లాడేటప్పుడు అందరూ దాన్నే ప్రాస అంటారు కదా. ఛందస్సులో అది అంత్యప్రాస. ప్రాస అంటే ప్రతి పాదంలోనూ రెండో అక్షరం ఒకటే కావడం: నల్ల, చల్ల రెండింటిలోనూ ల్ల. ఇక యతి. ఆ మాటకు విరామం అని అర్థం, సంస్కృతంలో అది ఆగే చోటే. తెలుగులో ఆగడం కంటే ఆ చోటి అక్షరానికీ పాదం మొదటి అక్షరానికీ స్నేహం కుదరడం ముఖ్యం. ద్విపదలో ఆ చోటు మూడో గణం మొదటి అక్షరం. నల్లకు నడచిన, చల్లనికి సాగిన. చకారానికి సకారంతో స్నేహం కుదురుతుంది, మీద ఉన్న అచ్చులు అ, ఆ కూడా కలుస్తాయి. ఉత్పలమాలకు పదో అక్షరం, చంపకమాలకు పదకొండో అక్షరం, శార్దూలానికి పదమూడో అక్షరం, మత్తేభానికి పద్నాలుగో అక్షరం యతిస్థానాలు. ఇవి మాత్రం బట్టీపట్టాల్సిందే, దీనికి దగ్గరిదారి నాకు తెలియదు. ద్విపద మనకు దూరపుది కాదు. రంగనాథ రామాయణం మొత్తం ద్విపదే, దాన్ని రాసిన గోన బుద్ధారెడ్డి ఏలిన వర్ధమానపురం ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలోనే ఉంది.

అలంకారాల్లో ఉపమేయం, ఉపమానం తారుమారు చేయనివాళ్లు నూటికి పదిమంది కూడా ఉండరని నాకు అనిపిస్తుంది. ఇక్కడ కూడా పేరు విప్పాలి. గేయమంటే పాడదగినది, పేయమంటే తాగదగినది. అలాగే ఉపమేయమంటే పోల్చదగినది, మనం చెప్పదలుచుకున్న అసలు వస్తువు. మానమంటే కొలత. ఉపమానం కొలబద్ద. 'ఉదయసముద్రం అద్దంలా మెరుస్తోంది' అంటే పానగల్లు చెరువు ఉపమేయం, అద్దం ఉపమానం, మెరవడం సమానధర్మం, 'లా' ఉపమావాచకం. నాలుగూ ఉన్నాయి కాబట్టి పూర్ణోపమ. అదే చెరువును చూసి 'ఆకాశం మొహం చూసుకోవడానికి నేల మీద పరిచిన అద్దమో ఏమో' అంటే ఊహ వచ్చింది, ఉత్ప్రేక్ష. 'ఉదయసముద్రమనే అద్దంలో కొండ తన నీడ చూసుకుంది' అంటే పోలిక పోయి రెండూ ఒకటే అయ్యాయి, రూపకం. పోల్చాడా, ఊహించాడా, ఒకటే చేసేశాడా? ఈ మూడు ప్రశ్నలు వేసుకుంటే ఈ మూడు అలంకారాలు కలిసిపోవు.

అలంకారశాస్త్రమంటే ఎక్కడో కాశ్మీరంలో, కాశీలో పుట్టి పెరిగినదని మన పిల్లలు అనుకుంటారు. రాచకొండను ఏలిన సర్వజ్ఞ సింగభూపాలుడు రసార్ణవ సుధాకరం రాశాడు. ఆయన కొలువులోని విశ్వేశ్వరుడు చమత్కార చంద్రిక రాశాడు. రెండూ సంస్కృతంలో కావ్య నియమాలు చెప్పే లక్షణ గ్రంథాలు. రసార్ణవమన్న మాటను ఒకసారి చూడండి: రసమనే అర్ణవం, అర్ణవమంటే సముద్రం. సమాసంగా చూస్తే రూపక సమాసం, రస, అర్ణవ కలవడం సవర్ణదీర్ఘం. సుధాకరుడంటే చంద్రుడు; చంద్రుడిని చూసి సముద్రం పొంగుతుంది కదా. పుస్తకం పేరులోనే మూడు పాఠాలున్నాయి.

సాహిత్య ప్రక్రియల పేర్లు అంత చిక్కుపెట్టవు. ఇతిహాసమంటే 'ఇలా జరిగిందట' అని. ముక్తకమంటే విడివడినది, ముందూ వెనకా కథతో పని లేకుండా తనంత తాను నిలిచే పద్యం. శతకంలో మకుటమంటే కిరీటమే, కాకపోతే అది పద్యం నెత్తిన కాక చాలాసార్లు పాదాల దగ్గర ఉంటుంది. ఉదాహరణ వేరు, ఉదాహరణం వేరు: రెండోది ఎనిమిది విభక్తులతో నడిచే కావ్య ప్రక్రియ. ఈ చివరి సున్నా దగ్గర మార్కు పోయినవాళ్లున్నారు.

జశ్త్వసంధికి ఉదాహరణ కావాలని ఎవరైనా అడిగితే నేను పుస్తకం తెరవను. సంస్థానం రోజుల్లో పండితులను ఆదరించిన గద్వాలను విద్వద్గద్వాల అనేవారు. విద్వత్, గద్వాల: తకారం లేచింది, దకారం కూర్చుంది.

పోయిన సంవత్సరం మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఇద్దరు అక్కాచెల్లెళ్లు అక్కడి పెద్ద మర్రిచెట్టు పేరు, పిల్లలమర్రి గురించి వాదులాడుకున్నారు. పిల్లల యొక్క మర్రి అని అక్క, షష్ఠి. పిల్లలతో కూడిన మర్రి అని చెల్లెలు, తృతీయ. ఊడలే పిల్లలంటుంది చెల్లెలు. పిల్లలున్న మర్రి కాబట్టి పిల్లల మర్రే అంటుంది అక్క. ఒక ఆదివారం ఇద్దరూ వెళ్లి చూసి వచ్చారు. "తేలిందా?" అని అడిగాను. "లేదు సార్, ఏది తల్లి మానో ఏది ఊడో అక్కడ నిలబడినా తెలియలేదు" అంది అక్క. పరీక్షలో మాత్రం నాలుగు గడుల్లో ఒకదాన్నే నొక్కాలి. ఈ ప్రశ్న రాకపోతే బాగుండునని ముగ్గురం అనుకున్నాం.